పైపొర ఆరిన దారి

భూమికి దక్షిణపు కొసన ఉన్న బేత్సూరులో చలికాలమంటే వానాకాలమే. జూన్‌లో పట్టుకున్న ముసురు ఆగస్టు దాటితే గానీ వదలదు. బట్టలు ఆరవు, కట్టెలు రాజుకోవు, మనుషుల నోట మంచి మాట రాదు. ఊరి వెనక కొండ మీదికి పోయే దారికి ఆ మూడు నెలలూ కింద ఇనుప గేటు వేసి ఎర్ర పలక తగిలిస్తారు. పలక ఉందంటే సైకిళ్లకూ గుర్రాలకూ దారి మూసినట్టు. పని మీద నడిచి వెళ్లే ఊరివాళ్లకు అడ్డులేదు, గేటు పక్కన మనిషి పట్టేంత సందు ఉంది.

ఆ పలకా, తాళంచెవీ రోనెల్ అపోలిస్ దగ్గర ఉంటాయి. ఆమె తండ్రి బతికున్నన్నాళ్లూ ఆయన దగ్గరుండేవి. ఆయన పోయాక ఊరి సభ ఇంకెవరి పేరూ తలవకుండా ఈమె చేతిలో పెట్టింది. నలభై ఏళ్ల మనిషి. ఆపిల్ షెడ్డులో కాయలు ఏరే పని. ఒంటరిది. ఇంట్లో కుక్క కూడా లేదు గానీ సైకిల్ ఉంది. ఆ సైకిల్‌ని ఆమె తుడుచుకునే తీరు చూసి, "దానికి పెళ్లెందుకే, రెండు చక్రాల మొగుడున్నాడుగా" అని షెడ్డులో ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు.

నోరు మాత్రం గట్టిది. ఆదివారాలు పట్నం నుంచి కార్ల మీద సైకిళ్లు కట్టుకుని వచ్చే కుర్రాళ్లను గేటు దగ్గరే ఆపి కడిగేసేది.

"ఏం నాయనా, ఇంత ఎర్ర పలక నీ కంటికి ఆనలేదా?"

"కొంచెం తడే కదండీ. ఏమవుతుంది?"

"నీకేమీ కాదు. ఇంటికెళ్లి వేణ్నీళ్లు పోసుకుంటావ్. దారికి ఎవరు పోస్తారు?"

ఊరివాళ్లకు కూడా ఆమే పాఠాలు చెప్పేది. నీటి గుంట అడ్డొస్తే పక్కనుంచి పోకూడదు, మధ్యలోంచే నడవాలి. చెప్పులు తడవకూడదని అందరూ పక్కకు తొక్కితే దారి ఏడాదికేడాది వెడల్పైపోయి, చివరికి కొండంతా దారే అవుతుంది. పైకి పోయే ప్రతి మనిషీ ఏటి ఒడ్డున ఉన్న రాళ్లగుట్టలోంచి ఒక రాయి మోసుకెళ్లి కాలు దిగబడిన చోట వెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యమైన పాఠం వెన్న మలుపు. దారికి కిందా పైనా ఇసుక నేల, గంటలో ఆరిపోతుంది. మధ్యలో ఒక్క మలుపు దగ్గర మాత్రం వెన్నలా జారే బంకమట్టి, అందుకే ఆ పేరు. గేటు తెరవాలా వద్దా అన్నది అక్కడికి నడిచి వెళ్లి, మడమతో గట్టిగా నొక్కి తేల్చాలి. అచ్చులో నీరు ఊరితే పలక అలాగే ఉండాలి.

ఇన్ని నీతులు చెప్పిన మనిషే ఆ పని చేసింది. కంచే చేను మేసింది.

అది జులైలో ఒక శుక్రవారం. మూడు వారాలుగా వాన విడవలేదు. సైకిల్ గోడకు ఆని నిలబడి ఉంది, దాన్ని చూస్తుంటే ఆమెకు కాళ్లు పీకేవి. ఆ రోజు పొద్దున్నే కొండగాలి లేచింది. లోపలి ఎండు నేలల నుంచి కొండలు దాటి దిగే వేడి గాలి అది. చలికాలం నడుమ ఒక్క పూట వేసవిని తెచ్చి ఇస్తుంది. కొండగాలి వెనకాలే పెద్ద వాన ఉంటుందని బేత్సూరులో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అయినా ఆ పూట అందరికీ మతి పోతుంది. తలుపులన్నీ తెరుస్తారు, పరుపులు కంచెల మీద వేస్తారు, ముసలివాళ్లు కోటు విప్పి అరుగు మీద కూర్చుంటారు.

మధ్యాహ్నం షెడ్డు మూసేశారు. రోనెల్ సైకిల్ తోసుకుంటూ గేటు దగ్గరికి వెళ్లింది. ఊరికే చూసి వద్దామనే వెళ్లానని తనకు తాను చెప్పుకుంది. ఊరికే చూడ్డానికి సైకిల్ ఎందుకో మాత్రం తనను తాను అడగలేదు.

గేటు పక్కన నేల మీద మడమ నొక్కింది. అచ్చు పొడిగా పడింది. నొక్కాల్సింది అక్కడ కాదు. ఆ సంగతి ఆమెకు తెలియదా? ఊరందరికీ నేర్పింది ఆమే. వెన్న మలుపు దాకా నడిచి వెళ్తే అక్కడ మడమ ఏం చెబుతుందో కూడా తెలుసు. తెలుసు గనకే వెళ్లలేదు.

జేబులో తాళంచెవి ఉంది. తీసింది, లోపలికి వెళ్లి మళ్లీ తాళం వేసింది. రాళ్లు పరిచిన ట్రాక్టరు బాట మీదుగా శిఖరం దాకా తొక్కి, అక్కడి నుంచి కాలిదారిన దిగడం మొదలుపెట్టింది. గాలి వెచ్చగా ముఖానికి తగులుతోంది. మూడు వారాల నుంచి బిగుసుకున్న ఒళ్లంతా వదులైంది. పిచ్చిదానిలా పైకే నవ్వింది. ఆ నవ్వు తర్వాత చాలా రోజులు ఆమె చెవిలో వినబడుతూనే ఉంది.

వెన్న మలుపు చూడ్డానికి గట్టిగా, తెల్లగా ఆరి ఉంది. ముందు చక్రం దాని మీదికి ఎక్కగానే కాచిన పాల మీద మీగడలా పైపొర చిట్లింది. కింద అంతా బురద. చక్రం దిగబడింది. కంగారులో వెనక బ్రేకు గట్టిగా పట్టింది. చక్రం తిరగడం మానేసి, నాగలి కర్రులా నేలను చీల్చుకుంటూ జారి, దారికి అడ్డంగా పాతిన రాళ్లకు కొట్టుకుంది. వాన నీటిని దారి మీద పారనీయకుండా పక్కకు మళ్లించే అడ్డురాళ్లు అవి. ఆమె తండ్రి పాతినవి. రెండు రాళ్లు పెళ్లగిలి పల్లంలోకి దొర్లిపోయాయి.

లేచి నిలబడింది. వెనక జానెడు లోతు గాడి. చుట్టూ చూసింది, ఎవరూ లేరు. ఎవరూ చూడలేదన్న మాటే ముందు మనసులోకి వచ్చింది, దారి సంగతి ఆ తర్వాత వచ్చింది. తర్వాతి రోజుల్లో ఆమెను ఎక్కువగా కుమిలేలా చేసింది అదే.

పల్లంలోకి దిగి ఒక రాయి ఎత్తబోయింది. బరువుగా ఉంది. గునపం కావాలి. ఇంటికెళ్లి గునపం పట్టుకుని తిరిగొస్తే ఊళ్లో నలుగురూ ఎందుకని అడుగుతారు. పొద్దున్నే, ఎవరూ లేవక ముందే వచ్చి సరిచేద్దాం అనుకుంది. సైకిల్‌ని ఏట్లో కడిగింది. గేటు నుంచి బయటపడి తాళం వేసి, కొండగాలికి వంకరపోయిన ఎర్ర పలకను సరిచేసి మరీ ఇంటికి వెళ్లింది.

ఆ రాత్రే వాన దిగింది. తెల్లవారినా తగ్గలేదు. రోనెల్ ఎర్రటి రూయిబోస్ ఆకు టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, కాస్త తెరపి ఇవ్వగానే వెళ్తాను అనుకుంది. తెరపి ఇవ్వలేదు.

అదే వానలో ఎఫ్రాయిము కుపీడో కొండెక్కాడు. డెబ్బై దాటిన ముసలాయన, ఆమె తండ్రికి ప్రాణ స్నేహితుడు. కొండ మీద ఆయనకు తేనెపెట్టెలున్నాయి. వాన తెచ్చే వాయవ్యపు గాలి కొట్టిన ప్రతిసారీ పెట్టెలు పడిపోయాయేమో చూసి రావడం ఆయన అలవాటు. భుజాన రాయి పెట్టుకుని, నలభై ఏళ్లుగా నడిచిన దారే కదా అని కాళ్ల వంక చూడకుండా నడిచాడు. వెన్న మలుపు దగ్గర దారి లేదు. అడ్డురాళ్లు లేకపోయేసరికి రాత్రి నీళ్లన్నీ ఆ గాడిలోంచే పారి దాన్ని నడుములోతు గొయ్యి చేశాయి. ఆయన అందులో పడ్డాడు. తొడ ఎముక విరిగింది.

తాత ఇంటికి రాలేదని మనవడు ఎల్టన్ తనకు తెలిసిన చోట కంచె మీంచి సైకిల్ దాటించి, ట్రాక్టరు బాట మీదుగా వెతుక్కుంటూ వెళ్లాడు. తల్లీ తండ్రీ లేని ఆ పిల్లాణ్ణి ముసలాయనే పెంచాడు. ఇప్పుడు ఇరవై రెండేళ్లు, బేకరీలో పని. గొయ్యిలో తాతను చూసి వాడు పెట్టిన కేకలు ఊళ్లోకి వినబడ్డాయి. ఎవరింటి తలుపో ఊడబీకి, దాని మీద పడుకోబెట్టి కిందికి మోసుకొచ్చారు. తలుపు ఒక మూల పట్టుకున్నది రోనెల్. ఎఫ్రాయిము కళ్లు మూసుకుని పళ్లు బిగబట్టి ఉన్నాడు. అడుగు తడబడినప్పుడల్లా మూలిగేవాడు, ఆ మూలుగు చేతుల్లోంచి ఆమె ఎముకల్లోకి పాకేది.

గేటు దగ్గర అంబులెన్సు కోసం ఆగినప్పుడే మొదలైంది.

"అది నీళ్లు తవ్విన గొయ్యి కాదు. ఎవడో తొక్కాడు. అడ్డురాళ్లు ఎగిరిపోయాయి, చూశారా?"

"పట్నం వెధవలే అయ్యుంటారు."

"తాళం వేసుందిగా. పట్నం వాడికి కంచె ఎక్కడ లొంగుతుందో ఎలా తెలుస్తుంది?"

అందరి కళ్లూ ఎల్టన్ సైకిల్ మీద పడ్డాయి. హ్యాండిల్ దాకా బురద. పైగా కిందటి చలికాలం ఎర్ర పలక ఉండగా కంచె మీంచి సైకిల్ దాటించి పట్టుబడ్డవాడు వాడే. పట్టుకున్నది రోనెలే. అప్పట్లో అందరి ముందూ, "నీ తాత పరువు తీశావు కదరా" అని వాడికి తలంటింది కూడా.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో సభ. సభకు పెద్ద మాగ్రీటా అత్త, షెడ్డులో రోనెల్ పక్కనే నిలబడి కాయలు ఏరే మనిషి. మాట సూటిగా ఉంటుంది, గొంతు పక్క ఊరికి వినబడుతుంది.

"ఎల్టన్, లే. నిజం చెప్పు. శుక్రవారం కొండగాలి పూట దారి నువ్వు తొక్కావా?"

"లేదత్తా. తాత కోసం ట్రాక్టరు బాట మీద వెళ్లా. శుక్రవారం నేను బేకరీ దాటి బయటికే రాలేదు."

"సాయంత్రం?"

"ఇంట్లో ఉన్నా."

"ఎవరు చూశారు?"

"తాత... తాత పక్కింట్లో పేకాటలో ఉన్నాడు."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మాగ్రీటా రోనెల్ వైపు తిరిగింది. "రోనెల్, నువ్వు చెప్పమ్మా. శుక్రవారం గేటు తాళం వేసుందా?"

"ఉంది" అంది రోనెల్.

"పలక?"

"పలకా ఉంది. నేనే సరిచేశా."

ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఆ రెండు మాటలతోనే ఎల్టన్ మెడకు ఉచ్చు బిగిసింది. తాళం వేసి ఉంటే, కంచె దాటడం తెలిసినవాడే దాటాలి. ఆమె లేచి ఇంకొక్క మాట అనాలి. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుంది. ఎల్టన్ ఆమె వంకే చూస్తున్నాడు, కోపంగా కాదు, నువ్వయినా నమ్ము అక్కా అన్నట్టు. ఆమె తలవంచి గోళ్లు చూసుకుంది. మంగళవారం చెప్తాను, మాగ్రీటా ఒక్కతే ఉన్నప్పుడు చెప్తాను అనుకుంది. మంగళవారం వచ్చింది, పోయింది.

పట్నం ఆసుపత్రిలో ఎఫ్రాయిము మనవడి ముఖం చూడ్డానికి ఒప్పుకోలేదు. వాడు రెండు బస్సులు మారి వెళ్తే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఈ సంగతులన్నీ షెడ్డులో మాగ్రీటా నోటి వెంటే రోనెల్ చెవిన పడేవి. మరలో తిరిగే పట్టీ మీద ఆపిళ్లు కదిలిపోతుండేవి, రోనెల్ కుళ్లిన కాయలను మంచి బుట్టలోకి, మంచివాటిని చెత్తలోకి వేసేది.

"ఏమే, కళ్లు కనబడట్లేదా నీకు?"

"నిద్ర లేదత్తా."

"ఎవరికుంది? పెద్దాయన ఏమన్నాడో తెలుసా? కాలు విరిగిందని నాకు బాధ లేదు, వాడు నా ముందు అబద్ధం ఆడాడు, అదే బాధ అన్నాడు. ఒక్కసారి ఒప్పుకుని రమ్మను, అన్నీ మర్చిపోతా అన్నాడు. ఈ మొండివెధవ ఒప్పుకుంటేగా!"

దారి పాడు చేసినవాడికి బేత్సూరులో ఒక పద్ధతి ఉంది. వాడు తనంతట తాను ఒప్పుకోవాలి. పాడైన చోటు బాగయ్యే దాకా ఒంటరిగా రాళ్లు మోయాలి, ఏడాది పాటు ఆ దారిలో సైకిల్ ఎక్కకూడదు. మోస్తున్నన్నాళ్లూ వాణ్ణి ఎవరూ తిట్టకూడదు, ఎవరూ సాయమూ చేయకూడదు. మోయడం అయిపోతే తప్పు కూడా అయిపోయినట్టే, మళ్లీ ఎత్తకూడదు. అంత పెద్ద శిక్ష కాదు. రోనెల్‌కు అది తెలుసు. అయినా ఆమెకు భయం రాళ్లంటే కాదు. రేపటి నుంచి గేటు దగ్గర నిలబడి పట్నం కుర్రాడితో ఏ ముఖంతో మాట్లాడాలన్నదే భయం. తండ్రి పేరు, తాళంచెవి, ఊళ్లో తనకున్న ఆ కాస్త గౌరవం, అంతా ఆ ఒక్క మడమ అచ్చులో ఉంది. సంతలో ఎవరైనా ఎవరితోనైనా "దారి" అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది.

ఎఫ్రాయిము ఇంటికి వచ్చిన వారానికి మాగ్రీటా షెడ్డులోకి నవ్వుతూ వచ్చింది.

"ఒప్పుకున్నాడే!"

"ఎవరు?"

"ఇంకెవరు, ఎల్టన్ గాడు! నిన్న తాత మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నేనే చేశా తాతా అన్నాడట. ముసలాయన వాణ్ణి కావిలించుకుని ఏడ్చాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో బఠాణీ చారు తాగారట. నిజం నిప్పులాంటిదమ్మా, ఎన్నాళ్లు దాగుతుంది?"

రోనెల్ చేతిలో కాయ జారిపోయింది. ఇక ఆమెను ఎవరూ ఏమీ అడగరు. కథ ముగిసిపోయింది, చేసినవాడు దొరికాడు, ఊరు చల్లబడింది. ఇన్నాళ్లూ ఇదే కదా కోరుకుంది! కోరుకున్నది చేతికి అందాక దాని వాసన తెలిసింది.

నాలుగో రోజు సాయంత్రం సన్నగా చినుకు పడుతుండగా కొండెక్కింది. వెన్న మలుపు దగ్గర ఎల్టన్ ఉన్నాడు. భుజం మీద పెద్ద రాయితో నీటి గుంట మధ్యలోంచి మోకాళ్ల దాకా తడుస్తూ వస్తున్నాడు. పక్కకు తొక్కలేదు. ఆమె నేర్పినట్టే నడుస్తున్నాడు. గొయ్యి ముప్పావు వంతు పూడింది. పైన కొత్త అడ్డురాళ్లు వరసగా పాతి ఉన్నాయి, చక్కగా ఏటవాలుగా.

"ఏంటక్కా, పని చూడ్డానికి వచ్చావా?" అన్నాడు నవ్వుతూ. "మీ నాన్న పాతినంత గట్టిగా రాలేదు. ఏదో నాకు చేతనైనంత."

"ఎందుకు ఒప్పుకున్నావురా?"

"అదేం ప్రశ్న? చేశాను గనక."

"చెయ్యలేదు నువ్వు."

వాడు రాయి దింపాడు. "నీకెలా తెలుసు?"

"చేసింది నేను. శుక్రవారం కొండగాలికి మతి పోయి తాళం తీసుకుని వెళ్లా. అడ్డురాళ్లు నేనే కూలగొట్టా. పొద్దున్నే సరిచేద్దామనుకున్నా. చెయ్యలా."

వాడి నోట వచ్చిన గొంతు వాడిది కాదనిపించింది.

"సభలో నీ వంకే చూశా. ఊళ్లో ఒక్కళ్లయినా నమ్ముతారంటే అది నువ్వే అనుకున్నా. ఎందుకంటే పోయినేడాది నన్ను పట్టుకుంది నువ్వు. నేను ఆ రోజే ఒప్పేసుకున్నానని నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసీ గోళ్లు చూసుకున్నావ్."

"అవునురా."

"ఇప్పుడెందుకు చెప్పావ్? నాలుగు రోజుల ముందు చెప్పుంటే నేను తాత దగ్గర అబద్ధం ఆడేవాణ్ణి కాదు. ఎన్నాళ్లని ఆ గోడ వైపు తిరిగిన వీపు చూడను? మాట్లాడితే చాలనిపించి ఆడేశా. ఇప్పుడు నువ్వెళ్లి చెప్తావ్. నీ బరువు దిగుతుంది. ఆయన దృష్టిలో నేను మళ్లీ అబద్ధాలకోరునే."

చెప్పినా తప్పే, చెప్పకపోయినా తప్పే అయ్యేదాకా తాత్సారం చేసింది తనే. "చెప్పొద్దంటావా?" అని మాత్రం అడగగలిగింది.

"నన్నడక్కు. అది కూడా నామీదే పెడతావా?" అని వాడు రాళ్లగుట్ట వైపు దిగిపోయాడు.

ఆమె నేరుగా ఎఫ్రాయిము ఇంటికి వెళ్లింది. ఇంకొక్క రాత్రి ఆగితే మళ్లీ చెప్పలేనని తనకే తెలుసు. ముసలాయన పొయ్యి పక్కన మంచం మీద, కాలికి కట్టుతో కూర్చుని ఉన్నాడు.

"రా అమ్మా, రా. తడిసి ముద్దయ్యావ్. ఆ కెటిల్‌లో కాఫీ ఉంది, పోసుకో."

"వద్దు పెదనాన్నా. నేను నిలబడే చెప్తా."

చెప్పింది. గేటు దగ్గర మడమ నొక్కిన సంగతి నుంచి, సైకిల్ కడుక్కున్న సంగతి దాకా, కిటికీ దగ్గర టీ తాగుతూ నిలబడ్డ సంగతి కూడా చెప్పింది. నన్ను క్షమించు అని మాత్రం అనలేకపోయింది, ఆ మాట అడిగే అర్హత ఉందనిపించలేదు.

ఎఫ్రాయిము పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "మడమ గేటు దగ్గర నొక్కావా?" అన్నాడు.

"ఆ."

"మీ నాన్న ఉంటే కొట్టేవాడు."

"కొట్టాల్సిందే."

"నా కాలు సంగతి పక్కన పెట్టు. అతుక్కుంటుంది, అతుక్కోకపోతే కుంటుతా." ఆయన గొంతు తగ్గింది. "వాడు చెయ్యలేదన్నాడు. నిజం చెప్పాడు, నేను నమ్మలా. చేశానన్నాడు. అబద్ధం చెప్పాడు, వెంటనే నమ్మేశా. కావిలించుకున్నా కూడా. ఇరవై ఏళ్లు పెంచినవాణ్ణి."

"అది నావల్లే కదా పెదనాన్నా."

"కాదు. ఊళ్లో వాళ్లు నమ్మకపోవడం నీవల్ల. నేను నమ్మకపోవడం నావల్లే. అది నువ్వు మొయ్యకు, అది నాది." తలుపు వైపు చెయ్యి చూపించాడు. "వాణ్ణి పిలు. నీ పని అయింది, వెళ్లు."

ఎల్టన్ బయట నీళ్ల పీపా పక్కన వానలో నిలబడి ఉన్నాడు. ఆమె వెనకే దిగి వచ్చి ఉంటాడు. "తాత పిలుస్తున్నాడు" అంది. వాడు ఆమె వంక చూడకుండా లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మర్నాడు షెడ్డులో అందరి ముందూ మాగ్రీటాకు చెప్పి తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. ఎప్పుడూ పక్క ఊరికి వినబడే మాగ్రీటా గొంతు ఆ రోజు ఆపిల్ పట్టీ చప్పుడుకే మునిగిపోయింది. "ఆ పలక నేనే సరిచేశానన్నావు కదే" అని మాత్రం అంది. ఇంతకంటే తిట్టి ఉంటే బాగుండునని రోనెల్‌కు అనిపించింది.

తర్వాతి శనివారం రాళ్లు మోయడానికి వెళ్లింది. మోయడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగల్లేదు. గొయ్యి చాలా భాగం ఎల్టన్ పూడ్చేశాడు, అడ్డురాళ్లన్నీ వాడివే. తను మోయాల్సిన రాళ్లు ఇంకొకడి భుజం మీద ఎక్కి వచ్చి కూర్చున్నాయి. ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. పిచ్చి ఆలోచనే అనుకోండి. వాడి రాళ్లు ఒక్కొక్కటే పీకి, ఏటి దాకా దింపి, మళ్లీ తన భుజం మీద పైకి తేవాలి. అలా చేస్తే గానీ తన తప్పు తనది అవ్వదనిపించింది. మొదటి అడ్డురాయి కింద గునపం దూర్చింది.

"ఆపు."

ఎల్టన్ మలుపు పైన ఉన్నాడు. తాత తేనెపెట్టెలు చూసి దిగుతున్నాడు. ఆ రోజు తర్వాత వాడు ఆమెతో మాట్లాడటం అదే మొదలు.

"ఏం చేస్తున్నావ్?"

"ఇవి నీవి. నావి నేను తెచ్చి వేస్తా."

వాడు దిగి వచ్చి రాయి పక్కన మడమ నొక్కాడు. అచ్చులో నీరు ఊరింది. "చూశావా? కింద మట్టి ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది. ఇప్పుడు ఆ రాయి లాగితే రాత్రి వానకు మళ్లీ గాడి పడుతుంది. నీ మనసు చల్లబడటానికి దారిని ఇంకోసారి తవ్వుతావా?"

"అవి నీచేత మోయించిన రాళ్లురా. ఎలా ఉంచను?"

"ఉంచు. వచ్చినప్పుడల్లా చూస్తుండు."

గునపం తీసేసింది. వాడు గుంట మధ్యలోంచే నడుచుకుంటూ కిందికి వెళ్లిపోయాడు.

ఆ చలికాలం మిగిలిన రోజుల్లో వాన పడ్డప్పుడల్లా రోనెల్ కొండెక్కింది. గేటు పక్క సందులోంచి దూరి, భుజాన ఒక రాయితో, నీటిలోంచే నడిచి వెన్న మలుపు చేరేది. గోతిలో ఇంకా పూడని చోట తన రాయి వేసేది. తర్వాత ఆ అడ్డురాళ్ల ముందు కూర్చుని, వాటి వెనక పేరుకున్న ఆకూ అలమూ చేత్తో తీసేది. నీళ్లు దారిన ఉరుకుతూ వచ్చి, ఎల్టన్ రాళ్లకు తగిలి, పక్కకు తిరిగి పొదల్లోకి పోయేవి. నీళ్లు సరిగ్గా పోతున్నాయని చూసుకుని లేచేది.